తొంభైల ఎక్స్-మెన్ కామిక్స్ మళ్లీ చదవబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్స్-మెన్ అంటే పుట్టుకతోనే వింత శక్తులున్న "మ్యూటెంట్ల" టీమ్, మార్వెల్ కంపెనీ కామిక్స్‌లోది. వాటిని చిన్నప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి చదివి, ఇప్పుడు వరసగా చదవాలని కూర్చునేవాళ్లు కొందరు. కార్టూన్ సీరియల్ చూసి పుస్తకాల వైపు వచ్చేవాళ్లు ఇంకొందరు. ఇద్దరూ పది సంచికలు దాటేసరికి ఒకేచోట ఆగిపోతారు: "బొమ్మలు బాగున్నాయి, కథే అర్థం కావడం లేదు." నేనూ అక్కడ ఆగినవాణ్ణే. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన ఒక క్రాసోవర్ (ఒకే కథ పలు పుస్తకాల్లో సాగేది) మధ్యభాగంతో నా చదువు మొదలైంది. ఎవరు ఎవరో తెలియకుండానే ఆ బొమ్మలు గంటల తరబడి చూశాను. కథ తర్వాత నెమ్మదిగా పట్టుబడింది. ఆ క్రమం మంచిదేనని ఇప్పటికీ నమ్ముతాను.

తొంభైల ఎక్స్-మెన్ అంటే ఎప్పటినుంచి ఎప్పటిదాకా?

క్యాలెండర్ పక్కన పెట్టి 1991 నుంచి 2001 దాకా లెక్కేసుకోండి. 1991లో కొన్ని నెలల తేడాతో అన్నీ మారిపోయాయి. "న్యూ మ్యూటెంట్స్" ఆగిపోయి "ఎక్స్-ఫోర్స్" వచ్చింది. "ఎక్స్-ఫ్యాక్టర్" 71వ సంచికతో కొత్త టీమ్ దిగింది. 1963 నుంచి నడుస్తున్న పాత పుస్తకం "అన్‌క్యానీ ఎక్స్-మెన్"గా కొనసాగుతుండగానే, పక్కన "ఎక్స్-మెన్" పేరుతో ఇంకో పుస్తకం ఒకటో నంబరు నుంచి మొదలైంది. కొత్తగా వచ్చేవాళ్లు తికమకపడేది ఇక్కడే. "ఎక్స్-మెన్ 25", "అన్‌క్యానీ 304" అని చూస్తే అవి ఒకే వరసలోవి కావు, ఒకే ఏడాది వచ్చిన రెండు పుస్తకాలు.

2001లో గ్రాంట్ మారిసన్ "న్యూ ఎక్స్-మెన్" చేపట్టి యూనిఫాంల నుంచి మాట తీరు దాకా అన్నీ మార్చేశాడు. మన కాలం అక్కడితో అయిపోతుంది.

ఒకే టీమ్‌కి ఇన్ని పుస్తకాలెందుకు?

అమ్ముడుపోయాయి కాబట్టి. కథలో మాత్రం దానికో ఏర్పాటు చేశారు. టీమ్‌కి గురువైన ప్రొఫెసర్ జేవియర్ దాన్ని రెండు చేశాడు. సైక్లాప్స్, వుల్వరీన్, రోగ్, గాంబిట్, సైలాక్, బీస్ట్ బ్లూ టీమ్. వీళ్ల కథ "ఎక్స్-మెన్"లో నడుస్తుంది. స్టార్మ్, జీన్ గ్రే, కలోసస్, ఐస్‌మన్, ఆర్కేంజెల్ గోల్డ్ టీమ్. వీళ్లది "అన్‌క్యానీ". కేబుల్ వెంట తిరిగే కుర్రకారు ఎక్స్-ఫోర్స్, ప్రభుత్వం కింద పనిచేసేవాళ్లు ఎక్స్-ఫ్యాక్టర్, బ్రిటన్‌లో ఉండేవాళ్లు ఎక్స్‌క్యాలిబర్. కొన్నాళ్లకు బ్లూ, గోల్డ్ తేడా రాసేవాళ్లే పట్టించుకోలేదు. మీరూ పట్టించుకోనక్కర్లేదు.

బొమ్మల్లో అంత ప్రత్యేకత ఏముంది?

చందమామ బొమ్మలతో పెరిగిన కంటికి ఇవి మొదట రొదగా అనిపిస్తాయి. శంకర్ గీసిన విక్రమార్కుడి భుజం మీద శవం, చేతిలో కత్తి, వెనక శ్మశానం దేనికది నిమ్మళంగా కనిపిస్తాయి. జిమ్ లీ పేజీ అలా ఉండదు. అందరూ ఒకేసారి మీ మీదికి దూకుతున్నట్టు ఉంటుంది. కాస్త ఓపిక పట్టి ఒక్క పేజీ మీద రెండు నిమిషాలు నిలవండి. "ఎక్స్-మెన్" ఒకటో సంచికలో ఎనిమిదిమంది ఉన్న బొమ్మలో కూడా ఎవరు ముందున్నారో, ఎవరు ఎటు కదులుతున్నారో కన్ను వెతుక్కోకుండానే తెలుసుకుంటుంది. అన్ని గీతలు పెట్టి కూడా చూపు దారి తప్పకుండా నడపడం చాలా కష్టమైన పని.

ఆ గీతల గురించి ఇంకొక మాట. కండల మీద, బట్టల ముడతల మీద ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నటి అడ్డగీతలు కనిపిస్తాయి కదా, నీడ అంతా వాటితోనే వేస్తారు. పెన్సిల్‌తో గీసింది జిమ్ లీ అయితే, వాటిని ఇంకుతో పదునుగా నిలబెట్టింది స్కాట్ విలియమ్స్. ఇంకర్ అంటే పెన్సిల్ గీత మీద గీత దిద్దేవాడని చాలామంది అనుకుంటారు. లీ పెన్సిల్స్‌కే వేరేవాళ్లు ఇంకు వేసిన పేజీలు పక్కన పెట్టి చూడండి. ముఖాలు మెత్తబడతాయి, లోహం మెరుపు పోతుంది. విలియమ్స్ పేరు కూడా గుర్తుపెట్టుకోవాల్సిందే.

రాబ్ లీఫెల్డ్ సంగతి వేరు. "ఎక్స్-ఫోర్స్"లో మనుషుల కొలతలు కుదరవు, పాదాలు పొగలోనో ప్యానెల్ (పేజీలో ఒక్కో బొమ్మ గడి) అంచు కిందో దాక్కుంటాయి, నడుం చుట్టూ లెక్కలేనన్ని సంచులు, మనిషంత తుపాకులు. ఈ తప్పులన్నీ నిజమే. అయినా 1991లో కుర్రాళ్లు ఆ పుస్తకం కోసం ఎందుకు ఎగబడ్డారో పేజీ చూస్తే తెలుస్తుంది. ఇరవై రెండు ఇరవై మూడేళ్ల కుర్రాడు తనకు చూడాలనిపించిందే గీశాడు, ఎవరి అనుమతీ అడగలేదు. ఆ ఉత్సాహం కాగితం మీద ఇప్పటికీ ఉంది. కేబుల్, డెడ్‌పూల్ ఇద్దరూ అతని బల్ల మీద రూపం దిద్దుకున్నవాళ్లే.

నా మనసు మాత్రం 1994 తర్వాత వచ్చినవాళ్ల దగ్గరే ఉంది. "అన్‌క్యానీ" 312వ సంచికతో జో మాడురేరా వచ్చాడు. జపాన్ మాంగా, వీడియో గేమ్స్ చూసి పెరిగిన చెయ్యి అది. అడ్డగీతలు తగ్గాయి, ఆకారాలు గుండ్రబడ్డాయి, కళ్లు పెద్దవయ్యాయి. "జెనరేషన్ ఎక్స్"లో క్రిస్ బకాలో పిల్లల్ని పిల్లల్లా గీశాడు: సన్నటి చేతులు, వదులు బట్టలు, పేజీ మూలల్లో చిన్న చిన్న వస్తువులు. తొంభైల బొమ్మలన్నీ ఒకే తీరు అనేవాళ్లు మొదటి రెండేళ్ల దగ్గరే ఆగిపోయి ఉంటారు.

కథ రాసింది ఎవరు? గీసినవాళ్లే రాశారని కూడా అంటారు కదా?

రెండూ నిజమే. కంటిన్యుటీ, అంటే అన్ని పుస్తకాల కథలూ ఒకదానితో ఒకటి పొసగడం, దాని గొడవ మొత్తానికి తాళం చెవి ఇక్కడే ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మార్వెల్‌లో పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. రచయిత కథను రెండు మూడు పేజీల్లో క్లుప్తంగా చెబుతాడు. బొమ్మలు గీసేవాడు దాన్ని ప్యానెళ్లుగా విడదీసి గీస్తాడు. మాటలు ఆ తర్వాత, గీసిన బొమ్మల్ని చూస్తూ రాస్తారు. అంటే ఏ సంఘటనకు పేజీ ఇవ్వాలి, దేన్ని మూలకు నెట్టాలి అన్నది చాలావరకు గీసేవాడి చేతిలో ఉంటుంది. ఇద్దరి మధ్య మాట కలిసినంత కాలం ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది.

క్రిస్ క్లేర్‌మాంట్ 1975 నుంచి ఎక్స్-మెన్ రాస్తున్నాడు. పదహారేళ్లు. ఒక పాత్ర అన్న మాట యాభై సంచికల తర్వాత తిరిగి వచ్చేంత ఓపిక ఆయనది. 1990 కల్లా జిమ్ లీ బొమ్మలకు వచ్చిన ఆదరణ చూసి, కథ ఎటు వెళ్లాలన్న విషయంలో ఎడిటర్ బాబ్ హారస్ లీ వైపు మొగ్గాడు. క్లేర్‌మాంట్ కొత్త "ఎక్స్-మెన్" మూడో సంచికతో బయటికి వెళ్లిపోయాడు. ఆ మూడు సంచికలూ కలిపి ఒక వీడ్కోలులా చదవండి. ఉపగ్రహంలాంటి ఆస్టరాయిడ్ ఎమ్ మీద ఎక్స్-మెన్ పాత శత్రువు మాగ్నెటో, తనవాడే చేసిన ద్రోహంతో కూలిపోతూ జేవియర్‌తో మాట్లాడే తీరులో, రాసినవాడి బాధ కూడా కలిసి వినిపిస్తుంది నాకు.

ఆయన స్థానంలో మాటలు రాయడానికి మొదట జాన్ బర్న్ వచ్చి తొందరగానే వెళ్లిపోయాడు. తర్వాత "అన్‌క్యానీ" స్కాట్ లాబ్డెల్‌కి, "ఎక్స్-మెన్" ఫేబియన్ నిసియేజాకి చేరాయి. ఇంతలో 1992 ఫిబ్రవరిలో పిడుగు పడింది. జిమ్ లీ, లీఫెల్డ్, విల్స్ పోర్టాసియో, మార్క్ సిల్వెస్ట్రీ, టాడ్ మెక్‌ఫార్లేన్, ఎరిక్ లార్సెన్, జిమ్ వాలెంటీనో ఏడుగురూ కలిసి, తమ పాత్రలు తమకే చెందాలంటూ ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నారు. అది న్యాయమైన కోరికే. కానీ ఎక్స్-మెన్ పుస్తకాల్లో రహస్యాలు నాటినవాళ్లు, ఆ రహస్యాలకు జవాబు తెలిసినవాళ్లు, అందరూ ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయారు. జవాబులు రాసే పని వెనక వచ్చినవాళ్ల నెత్తిన పడింది.

అందుకేనా కంటిన్యుటీ అంత చిక్కుముడిగా ఉంది?

చాలావరకు అందుకే. ముడి ఎక్కడ పడిందో వెతికితే అక్కడ ఎవరో ఒకరు ఉద్యోగం వదిలి వెళ్లి ఉంటారు.

కేబుల్‌ని చూడండి. 1990లో "న్యూ మ్యూటెంట్స్" 87లో భవిష్యత్తు నుంచి వచ్చిన ముసలి సైనికుడిగా దిగాడు. మరుసటి ఏడాది "ఎక్స్-ఫ్యాక్టర్" 68లో సైక్లాప్స్ పసికొడుకు నేథన్‌ని, ఒంటిని లోహంగా మార్చే వైరస్ సోకిందని, భవిష్యత్తులోకి పంపేశారు. "న్యూ మ్యూటెంట్స్" నూరో సంచికలో విలన్ స్ట్రైఫ్ ముసుగు తీస్తే లోపల కేబుల్ ముఖం. మరి సైక్లాప్స్ కొడుకు ఎవరు? కేబులా, స్ట్రైఫా? 1992లో మొదలైన "ఎక్స్-క్యూషనర్స్ సాంగ్" పన్నెండు భాగాలు చదివినా తేలదు. కేబుల్ సొంత పుస్తకంలో గానీ, అతనే అసలు కొడుకని, స్ట్రైఫ్ అతని క్లోన్ అని స్పష్టం కాలేదు. మూడు జతల చేతులు మారిన కథ ఇది. అయినా తండ్రికంటే వయసు మళ్లిన కొడుకు, కొడుకు ముందు తలెత్తుకోలేని తండ్రి అన్న చోటు మనసును తాకుతుంది. 1994లో వచ్చిన "అడ్వెంచర్స్ ఆఫ్ సైక్లాప్స్ అండ్ ఫీనిక్స్" చదివితే నా మాట నమ్ముతారు. పెళ్లయిన కొత్తల్లో స్కాట్ (సైక్లాప్స్ అసలు పేరు), జీన్ ఇద్దరి మనసులూ భవిష్యత్తులోకి వెళ్లి, వేరే శరీరాల్లో ఉంటూ, ఆ పిల్లవాణ్ణి పెంచుతారు.

రెండోది ద్రోహి కథ. భవిష్యత్తు నుంచి వచ్చిన బిషప్, ఎక్స్-మెన్‌ని వాళ్లలో ఒకరే చంపారని చెబుతాడు. దానికి ఆధారం సగం చెడిపోయిన జీన్ గ్రే రికార్డింగ్. అనుమానమంతా గాంబిట్ మీదికి పోతుంది. ఇది నాటింది 1992కి ముందూ వెనకా, జవాబు వచ్చింది 1996లో: ద్రోహి జేవియరే. 1993లో "ఎక్స్-మెన్" 25లో మాగ్నెటో వుల్వరీన్ ఎముకల మీది అడమాంటియం లోహం మొత్తం లాగేస్తాడు. ఆ కోపంలో జేవియర్ అతని మనసును తుడిచేస్తాడు. ఆ క్షణంలో జేవియర్ లోపలికి జారిన చీకటే మూడేళ్ల తర్వాత ఆన్‌స్లాట్ అనే విలన్‌గా బయటపడింది. ముందే అనుకుని రాసిన జవాబు కాదిది. అయినా 25వ సంచికలో జేవియర్ ముఖాన్ని ఆండీ క్యూబర్ట్ గీసిన తీరు ఇప్పుడు చూస్తే, ముందే తెలిసి గీశాడేమో అనిపిస్తుంది.

మూడోది మరీ ఆలస్యం. "ఎక్స్-మెన్" 23లో విలన్ మిస్టర్ సినిస్టర్ సైక్లాప్స్‌తో మాట్లాడుతూ "తమ్ముళ్లు" అని బహువచనం వాడాడు. సైక్లాప్స్‌కి తెలిసిన తమ్ముడు హావక్ ఒక్కడే. ఆ ఒక్క మాటకు జవాబుగా వల్కన్ అనే మూడోవాడు రావడానికి 2006 దాకా పట్టింది.

అన్నీ ఇలాగేనా? తిన్నగా నడిచిన కథ ఒక్కటైనా ఉందా?

ఉంది. కలోసస్, అతని చెల్లెలు ఇలియానా కథ. తొంభైల మొత్తంలో నాకు అతి దగ్గరైన కథ ఇదే.

"ఎక్స్-క్యూషనర్స్ సాంగ్" చివర స్ట్రైఫ్ వదిలిన లెగసీ వైరస్ మ్యూటెంట్లకు సోకుతుంది. మందు లేదు. ఎయిడ్స్ భయం కమ్ముకున్న సంవత్సరాల్లో రాసిన కథ అని చదువుతుంటేనే తెలుస్తుంది. 1993లో "అన్‌క్యానీ" 303లో చిన్నపిల్ల ఇలియానా ఆ జబ్బుతో చనిపోతుంది. పెద్ద ఫైట్ లేదు, విలన్ లేడు. మంచం, చుట్టూ చేతకాక నిలబడ్డ బలవంతులు. మరుసటి సంచికలో ఆమె అంత్యక్రియలకు మాగ్నెటో వస్తాడు. మనుషులు, మ్యూటెంట్లు కలిసి బతకాలన్న జేవియర్ కలను అంతకాలం నమ్మిన కలోసస్, ఆ కల తన చెల్లెల్ని కాపాడలేదని, మాగ్నెటో వెంట వెళ్లిపోతాడు. అతన్ని తప్పు పట్టడం నావల్ల కాలేదు.

ఇప్పుడు 1995కి రండి. "ఏజ్ ఆఫ్ అపోకలిప్స్"లో ప్రపంచం వేరు. అక్కడి కలోసస్ కఠినమైన గురువు, ఇలియానా ఒక బానిస శిబిరంలో బతికే ఉంటుంది. ఆమెను తెచ్చుకోవడానికి తన దగ్గర చదువుకునే పిల్లల్ని తీసుకెళతాడు. చెల్లెలు దక్కుతుంది. పిల్లల్ని మాత్రం తలుపు అవతలే వదిలేసి వస్తాడు. "జెనరేషన్ నెక్స్ట్" నాలుగో సంచికలో బకాలో గీసిన ఆ తలుపు దగ్గర పుస్తకం మూసేశాను, ఆ రోజు మళ్లీ తెరవలేదు. ఒక లోకంలో చెల్లెల్ని పోగొట్టుకున్న అన్నకు ఇంకో లోకంలో ఆమెను తిరిగి ఇచ్చి, దానికి ఎంత ధర అడిగారో చూడండి.

చివరికి 2001లో "అన్‌క్యానీ" 390లో లెగసీ వైరస్‌కి మందు దొరుకుతుంది. అది పనిచేయాలంటే ఒకరు దాన్ని తమ ఒంట్లోకి ఎక్కించుకుని ప్రాణం ఇవ్వాలి. ఎవరికీ చెప్పకుండా కలోసస్ ఆ పని చేస్తాడు. ఎనిమిదేళ్ల కథ. రచయితలు మారారు, గీసేవాళ్లు ఎంతమందో మారారు. దారం తెగలేదు.

"ఏజ్ ఆఫ్ అపోకలిప్స్" చదవడానికి ముందు ఏం తెలిసుండాలి?

ఒక్క విషయం చాలు. జేవియర్ కొడుకు లీజియన్ గతంలోకి వెళ్లి మాగ్నెటోను చంపబోతే జేవియర్ అడ్డంపడి చనిపోయాడు. అందుకే ఎక్స్-మెన్‌ని మాగ్నెటో నడుపుతున్నాడు, అపోకలిప్స్ అనే విలన్ అమెరికాను ఏలుతున్నాడు. నాలుగు నెలలు మార్వెల్ ఎక్స్-మెన్ పుస్తకాలన్నిటినీ ఆపి వేరే పేర్లతో వేసింది. "ఎక్స్-మెన్ ఆల్ఫా"తో మొదలుపెట్టి "ఒమేగా"తో ముగించండి. మధ్యలో "అస్టానిషింగ్ ఎక్స్-మెన్", "అమేజింగ్ ఎక్స్-మెన్", "వెపన్ ఎక్స్", "జెనరేషన్ నెక్స్ట్" తప్పక చదవండి. మిగతావి తీరిక ఉంటే చూడొచ్చు.

ఆడపాత్రల్ని గీసిన తీరు ఇప్పుడు ఇబ్బందిగా ఉండదా?

ఉంటుంది. స్టార్మ్, రోగ్, జీన్, సైలాక్ నలుగురి జుట్టు రంగు దాచేస్తే ముఖాలు గుర్తుపట్టడం కష్టం. పోట్లాడేటప్పుడు కూడా ఫొటోకి నిలబడ్డట్టు నిలబడతారు. సైలాక్ విషయం ఇంకా బాధ పెడుతుంది. ఆమె బెట్సీ బ్రాడక్ అనే ఇంగ్లిష్ అమ్మాయి. 1989లో "అన్‌క్యానీ" 256లో ఆమెను జపాన్ నింజా రూపంలో చూపించారు. ఆ శరీరం క్వానన్ అనే ఇంకో స్త్రీదని తర్వాత 1993లో చెప్పారు, చెప్పి క్వానన్‌ని లెగసీ వైరస్‌తో పక్కకు తప్పించారు. ఒక ఆసియా స్త్రీ శరీరం పాతికేళ్లకు పైగా ఇంకొకరి వేషంగా ఉండిపోయింది. 2018లో గానీ ఇద్దర్నీ విడదీసి ఎవరి ఒళ్లు వాళ్లకు ఇవ్వలేదు. ఆ బొమ్మల్ని ఇష్టపడుతూనే ఈ తప్పును తప్పనాలి.

ఎక్కడ చదవాలి? పాత కాగితమా, కొత్త ప్రింటా?

అన్నీ ఒకచోట కావాలంటే మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్ సులువు. లావుపాటి ఆమ్నిబస్‌లు (చాలా సంచికలు ఒకే అట్టలో కలిపినవి) అందంగా ఉంటాయి కానీ దిగుమతి కాబట్టి ధర ఎక్కువ. ఒక్క సంచికైనా పాతది చేతిలోకి తీసుకుని చూడమని నా విన్నపం. 1991 నాటి రంగులు, ఇంకు పీల్చుకునే ముతక కాగితానికి తగ్గట్టు వేసినవి. అవే రంగుల్ని తెల్లటి నున్నటి కాగితం మీద అచ్చేస్తే పసుపు, గులాబి కళ్లలో గుచ్చుకుంటాయి. అడ్డగీతలు కూడా ముతక కాగితం మీదే కుదురుగా కలిసిపోతాయి.

నా దగ్గర "ఎక్స్-మెన్" ఒకటో సంచిక ఉంది. విలువ ఎంత?

పెద్దగా ఉండదు. ఐదు కవర్లతో 80 లక్షలకు పైగా కాపీలు వేశారు. నాలుగు కవర్లు పక్కపక్కన పెడితే ఒకే బొమ్మ, ఐదోది మడత విప్పితే మొత్తం కనిపించేది. "ఎక్స్-ఫోర్స్" ఒకటోది ప్లాస్టిక్ కవర్లో, లోపల ఐదు రకాల కార్డుల్లో ఒకదానితో వచ్చింది. ఐదు కార్డులూ కావాలంటే ఐదు కొనాలి. దాచుకుంటే డబ్బవుతుందని అందరూ దాచారు. అందరి దగ్గరా ఉన్నదానికి ధర ఎలా వస్తుంది? కొన్నేళ్లకే మార్కెట్ కూలింది, 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది. డెడ్‌పూల్ మొదటిసారి కనిపించిన "న్యూ మ్యూటెంట్స్" 98 మీ దగ్గరుంటే అది వేరే మాట, జాగ్రత్తగా పెట్టుకోండి. ఒకటో సంచికను మాత్రం నిశ్చింతగా చదవండి, పిల్లల చేతికివ్వండి.

"ఎక్స్-మెన్ '97" చూసి వచ్చాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

1992 అక్టోబరు 31న మొదలైన పాత కార్టూన్‌కి అది కొనసాగింపు. అందులోని వేషాలు చాలావరకు జిమ్ లీ కాలానివే, కాబట్టి ముఖాలు మీకు ముందే తెలుసు. "ఎక్స్-మెన్" 1 నుంచి 3, తర్వాత "అన్‌క్యానీ" 303, 304, "ఎక్స్-మెన్" 25 చదవండి. మాగ్నెటో, వుల్వరీన్‌ల మధ్య మీరు తెర మీద చూసింది ఎక్కణ్ణుంచి వచ్చిందో 25లో దొరుకుతుంది.

ఒక్కటే చదువుతాను, ఏది?

"ఎక్స్-ఫ్యాక్టర్" 87. పీటర్ డేవిడ్ రాశాడు, జో కెసాడా గీశాడు. పెద్ద క్రాసోవర్ "ఎక్స్-క్యూషనర్స్ సాంగ్" అప్పుడే ముగిసింది. టీమ్‌లో ఒక్కొక్కరూ వంతులవారీగా డాక్ శాంసన్ అనే సైకియాట్రిస్ట్ ముందు కూర్చుని మాట్లాడతారు. అంతే కథ. గాలికంటే వేగంగా పరిగెత్తే క్విక్‌సిల్వర్ తనకెందుకంత చిరాకో చెబుతాడు: ఏటీఎం ముందు క్యూలో నిలబడ్డప్పుడు, ముందున్న మనిషికి అది వాడటం రాకపోతే మీకెలా ఉంటుంది? లోకమంతా రోజంతా తనకలాగే ఉంటుందట. అప్పటిదాకా పొగరుబోతు అనుకున్నవాడు ఒక్క పేజీలో నాకు అర్థమైపోయాడు.

ఆ సంచిక నచ్చితే తర్వాత?

"అన్‌క్యానీ" 297. ఆ క్రాసోవర్ తర్వాత కొద్దిసేపు, చక్రాల కుర్చీలో ఉండే జేవియర్ కాళ్లకు శక్తి వస్తుంది, మళ్లీ పోతుందని ఆయనకు తెలుసు. టీమ్‌లోని కుర్రపిల్ల జూబిలీతో కలిసి చక్రాల బూట్లు వేసుకుని స్కేటింగ్ చేస్తాడు.